దేవమ్మ పట్టిన విల్లు

నరసరావుపేట,
12-2-1985

తమ్ముడు సుభానీకి,

అక్క సైదాబీ దీవెనలు. షంషాద్‌కూ పిల్లలకూ నా ముద్దులు. నీ ఉత్తరం అంది నెల దాటింది. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు పరుపు నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చారు. పెళ్ళిళ్ళ కాలం కదా, కాదనలేం.

మీ బావకు ఆయాసం తగ్గలేదు. దూది ఉన్న గదిలో అడుగు పెట్టవద్దని డాక్టరు ఈసారి గట్టిగానే చెప్పాడు. దూదేకుల ఇంట్లో దూది లేని గది ఎక్కడుంటుంది? పాతికేళ్ళు దూది ఏకే విల్లు పట్టిన మనిషి, ఇప్పుడు వాకిట్లో మంచం వేసుకుని లోపలి చప్పుడు వింటూ, నారి బిగువు చాలలేదనీ దెబ్బ తప్పిందనీ అక్కడి నుంచే చెబుతున్నాడు. అవును, లోపల విల్లు పట్టింది నేనే. మన ఇళ్ళలో ఆడవాళ్ళం గలీబులు కుట్టి టాకాలు వేయడం వరకే కదా. నలభై రెండేళ్ళ వయసులో దూది ఏకడం నేర్చుకున్నాను. మొదటి వారం అన్నం ముద్ద నోటి దాకా లేవలేదు.

ఊళ్ళో పెద్ద కబురు ఒకటుంది. మన వీధి చివరి జిన్నింగు మిల్లు మూసేశారు. పత్తి ఏరే ఆడవాళ్ళు, బేళ్ళు మోసే హమాలీలు అందరూ రోడ్డున పడ్డారు. మూసిన రెండోరోజు పొద్దున్నే దేవమ్మ అనే ఆమె మన గడప ముందుకొచ్చి నిలబడింది. పేటలో క్రైస్తవుల పల్లె మనిషి, పదిహేనేళ్ళు ఆ మిల్లులోనే చేసింది. ఆమె మొగుడు పేతురు అందులోనే హమాలీ. రోజు కూలికి పెట్టుకుంటానన్నాను, నాకూ మనిషి కావాలి కనుక. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కూలికి రాలేదక్కా. ఆ పనేందో నేర్పు. కూలికొస్తే, రేపు మీరు మూసుకున్ననాడు నేను మళ్ళా రోడ్డునే పడతా" అంది.

నేను మీ బావ వంక చూశాను. ఆయన దగ్గుతూనే, "నేర్పు. నా భుజం ఎట్టాగూ పోయింది. దాంతో పాటు పని కూడా పోవాలా?" అన్నాడు.

అట్లా మొదలైంది. ఇప్పుడు దేవమ్మతో కలిపి మిల్లు ఆడవాళ్ళు నలుగురు వస్తున్నారు. అందులో క్రోసూరు వైపు పిచ్చమ్మ అనే పిల్ల మరీ చురుకు. పత్తి వీళ్ళకు కొత్త కాదు, పట్టుకుని చూడగానే ఏది పొడుగు పింజో ఏది పొట్టిదో చెప్పేస్తారు. నాకే అది రాదు. అందరికీ ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమన్నాను. మీ బావ గతి ఇంకొకరికి పట్టకూడదు.

నీ ఫ్యాక్టరీ విశేషాలు రాయి. జాగ్రత్త.

మీ అక్క,
సైదాబీ


హైదరాబాదు, బోరబండ,
5-3-1985

అక్కకు,

సుభానీ సలాములు. ఇక్కడ అందరం బాగున్నాం. బావ ఆయాసం సంగతి తెలిసి మనసు బాగాలేదు. వద్దామనుకున్నాను గానీ ఫ్యాక్టరీలో ఓవర్‌టైము, సెలవు దొరకడం కష్టం.

నువ్వు రాసిన రెండో విషయం మాత్రం నాకు నచ్చలేదు. నలుగురికి నేర్పావు. రేపు ఆ నలుగురూ నీ ఖాతాదారుల ఇళ్ళకే వెళ్ళి నీకంటే తక్కువకు చేస్తామంటారు. అప్పుడు నీ గతేమిటి? మన తాతల నాటి పని అది. మనకు పొలం లేదు, పుట్ర లేదు, ఉన్నదల్లా ఆ విల్లు ఒక్కటే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. పేదవాళ్ళ మీద జాలి ఉంటే ఓ పూట అన్నం పెట్టు. విద్య పెట్టకు.

కోపం వస్తే క్షమించు. నీ మంచి కోరి రాశాను.

నీ తమ్ముడు,
సుభానీ


నరసరావుపేట,
22-4-1985

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. నవ్వాడు. ఆ మాటలే మొన్న గఫార్ బాబాయి చెప్పి వెళ్ళాడు మరి. అబ్దుల్ గఫార్ బాబాయి మన వాళ్ళందరికీ పెద్ద, నీకు తెలుసు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నువ్వు పల్లెవాళ్ళకు విల్లు ఇస్తన్నావంట, రేపు మన పిల్లలు ఏం పట్టుకోవాలని అడిగాడు. బాబాయి కొడుకులు ఇద్దరూ లారీల మీద పోయారు, విల్లు అటక మీద ఉంది. ఆ మాట నేను అనలేదు. పెద్దవాడు.

"మనం పేటలోనే తిరుగుతున్నాం బాబాయ్. చుట్టూ ఇన్ని ఊళ్ళున్నై. అక్కడ పరుపుల్లో దూది గడ్డకట్టి రాళ్ళల్లే ఉంది. ఆ ఊళ్ళకు మనలో ఎవరు పోతున్నారు?" అన్నాను. ఆయన వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మాట్లాడటం లేదు.

నీ భయానికీ ఇదే నా జవాబు. ఒకరి ఊళ్ళోకి ఒకరు పోకూడదని మేం మాట అనుకున్నాం. దేవమ్మకు నకరికల్లు వైపు, పిచ్చమ్మకు వాళ్ళ క్రోసూరు, తక్కిన ఇద్దరికీ వేరే ఊళ్ళు. కొత్త ఊరికి మొదటి నెల నేనూ వెంట వెళ్తున్నాను. పని నేర్పితే సరిపోదని ఇప్పుడు తెలిసింది సుభానీ. గడప దగ్గర నిలబడి అడగడం నేర్పాలి. అది విల్లు కంటే కష్టం.

నకరికల్లులో ఒక మోతుబరి ఇల్లు, ధనుంజయరావు గారని. ఆయన భార్య మహాలక్ష్మమ్మ గారు కూతురి పెళ్ళికి నాలుగు పరుపులు ఏకాలన్నారు. దేవమ్మను చూసి ఎవరి పిల్లవని అడిగి, తర్వాత నన్ను పక్కకు పిలిచి, నువ్వు ఒక్కదానివే లోపలికి రా, ఆమె వాకిట్లోకి వద్దు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. దూది ఏకేది ఆమే, నేను టాకాలు వేసేదాన్ని, ఆమె లేకుండా నా చేత కాదని చెప్పి వచ్చేశాను. ఎండలో ఇద్దరం బస్సు కోసం నడిచాం. నాలుగు పరుపుల పని పోయిందని నేనే ఎక్కువ బాధపడ్డాను.

వారం తిరక్కుండా ఆవిడ మనిషిని పంపించారు. ఇంటి వెనక కళ్ళంలో కూర్చుని ఏకమన్నారు, వాకిట్లో కాదు. నేను వద్దన్నాను. దేవమ్మ వెళ్ళింది. "ఆళ్ళ పరుపు మీద ఆళ్ళ పిల్లే పడుకుంటది. ఆ పిల్లకేం తెలుసక్కా ఇయ్యన్నీ" అంది. నాలుగు పరుపులూ పూలు పరిచినట్టు చేసింది. అంతటితో ఊరుకోక, నెల తర్వాత తనంతట తనే వెళ్ళి ఎక్కడైనా గడ్డకట్టిందా అని చేత్తో తడిమి చూసి వచ్చింది. అట్లా మళ్ళీ వెళ్ళి అడగాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అందరం అదే చేస్తున్నాం.

ఒక్క సహాయం. పేతురు మిల్లు మూసిన దగ్గర నుంచి మంచం దిగడం లేదు. బలమైన మనిషి, మంచివాడు. మీ ఫ్యాక్టరీలో హెల్పరుగా ఏదైనా చోటు చూడు. నీ మాట మీద తీసుకుంటారు కదా.

మీ అక్క,
సైదాబీ


హైదరాబాదు,
9-5-1985

అక్కకు,

ఉత్తరం అందింది. మా ఫ్యాక్టరీలో చోటు లేదు. ఇప్పట్లో ఉండదు కూడా. దయచేసి నా పేరు చెప్పి ఎవరినీ ఇక్కడికి పంపవద్దు. ఊళ్ళో వాళ్ళందరికీ ఉద్యోగాలు వేయించడానికి నేను మేనేజర్ని కాదు.

బావ ఆరోగ్యం జాగ్రత్త.

సుభానీ


నరసరావుపేట,
30-9-1985

సుభానీకి,

నాలుగు నెలలు రాయలేదు. కోపంతోనే రాయలేదు. చోటు లేకపోతే లేదని రాయవచ్చు. ఊళ్ళో వాళ్ళందరికీ అన్న ఆ మాట ఎందుకు? పేతురుది మన మతం కాదని, మన వీధి కాదని నీకు చిన్నచూపు వచ్చిందనుకున్నాను. పట్నం పోయి మారిపోయావని మీ బావతో అన్నాను. నా తమ్ముడివి కనుక దాచుకోకుండా చెబుతున్నాను.

వానాకాలం మమ్మల్ని బాగా పరీక్షించింది. వానల్లో ఎవరూ పరుపు విప్పరు, దూది ఆరదు. జూలైలోనే ఇద్దరు విల్లు మూలన పెట్టి కలుపు తీయడానికి వెళ్ళారు. ఆగస్టులో ఒక హాస్టలు వాళ్ళు ముప్ఫై దిండ్లు అడిగితే ప్రాణం లేచి వచ్చింది. తొందరలో దేవమ్మా పిచ్చమ్మా చెమ్మ పోకుండానే దూది కూరారు. పది రోజులకు దిండ్లన్నీ బూజు వాసన కొట్టి వార్డెను తిప్పి పంపాడు. రిక్షాలో వచ్చిన ఆ దిండ్లను చూసి పిచ్చమ్మ అదే రిక్షా దగ్గర నిలబడి, నేను మా ఊరు పోతానంది. వెళ్ళిపోయింది.

తప్పు నాది. వానల్లో దూది సంగతి నేను ముందు చెప్పి ఉండాల్సింది. అన్నీ విప్పమని, పోనీ వార్డెన్‌తో నేను మాట్లాడతానని అన్నాను. దేవమ్మ ఒప్పుకోలేదు. కూరింది మేం కాబట్టి మేమే పోవాలి, నువ్వు పోతే రేపు కూడా నీ మొహమే చూస్తారంది. ఒక్కతే వెళ్ళి, తడి దూది పెట్టాం, తప్పు మాదే, ఎండ రాగానే మళ్ళా చేసి ఇస్తామని చెప్పి వచ్చింది. ఎండ వచ్చింది. నాలుగు రోజులు మా డాబా మీద, పక్కింటి డాబా మీద దూది తిరగేస్తూ కాకుల్ని తోలుతూ కూర్చున్నాం. ముప్ఫై దిండ్లూ ఇచ్చాం. ఆయన తీసుకున్నాడు.

ఆ మర్నాడే దేవమ్మ సత్తెనపల్లి బస్సెక్కి, అక్కడ మారి, క్రోసూరు వెళ్ళింది. పిచ్చమ్మ పొలంలో ఉంటే గట్టు మీద కూర్చుని సాయంత్రం దాకా ఎదురు చూసిందట. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఇద్దరూ కలిసి వచ్చారు. వస్తూ వస్తూ ఇంటింటా అడిగి ఒక మూటెడు పాత చీరలు తెచ్చారు. వానలు తగ్గేదాకా బొంతలు కుడదామని దేవమ్మ ఆలోచన. బొంతకు ఏకిన దూది అక్కర లేదు, ఎండ కోసం ఎదురు చూడక్కర లేదు. ఇప్పుడు కలుపుకు పోయిన ఇద్దరూ కూడా వచ్చి కూర్చుంటున్నారు. ఆదివారం చర్చి అయ్యాక అందరూ మా ఇంటికి వస్తారు. ఎవరికి పని తగ్గింది, ఎవరి పిల్లాడికి జ్వరం, ఎవరి ఊరికి ఈ వారం ఇంకొకరు పోవాలి, అన్నీ అక్కడే. నేను మొదలుపెట్టానని అందరూ అంటారు. నేను మొదలుపెట్టాను, అంతే. నిలబెట్టింది ఆమె.

ఇంకొక మాట. పేతురు మొన్న చెప్పకుండా హైదరాబాదు బయలుదేరాడు. నీ అడ్రసు మా ఇంట్లో ఉన్న నీ ఉత్తరం మీద చూసి రాసుకున్నాడట. ఆపుదామంటే అప్పటికే బస్సు వెళ్ళింది. ఆయనను గుమ్మంలో నిలబెట్టి పంపవద్దు. ఒక పూట అన్నం పెట్టు, చాలు.

సైదాబీ


హైదరాబాదు,
20-10-1985

అక్కకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను. నేను నీకు అబద్ధం రాస్తూ వచ్చాను.

మా ఫ్యాక్టరీకి జనవరిలోనే తాళం పడింది. లాకౌట్ అన్నారు. ఈ వారం తీస్తారు, వచ్చే వారం తీస్తారు అని గేటు ముందు కూర్చుని నెలలు గడిపాం. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే నాకు పని లేదు. ఓవర్‌టైము అని రాసిన రోజు నేను ఎర్రగడ్డ అడ్డా మీద కూలీలతో పాటు నిలబడి, ఎవరూ పిలవక, తొమ్మిదింటికి ఇంటికి తిరిగి వచ్చాను. షంషాద్ ఇద్దరి ఇళ్ళల్లో బట్టలు కుడుతూ ఇల్లు నెట్టుకొస్తోంది. నువ్వు నలుగురికి పని నేర్పుతున్నావని చదివితే నాకు సంతోషం కలగాలి కదా. నేను పని పోగొట్టుకుని కూర్చుంటే మా అక్క పని పంచిపెడుతోంది, అది చూడలేకపోయాను. కొమ్మలూ తాతలూ అన్నీ అందుకే రాశాను. పేతురుకు చోటు అడిగినప్పుడు ఇక నాకు దారి లేక ఆ మాటలు రాశాను. మతం కాదు అక్కా, వీధీ కాదు. సిగ్గు.

పేతురు ముందు ఫ్యాక్టరీకి వెళ్ళాడట. తాళం చూసి, కాపలాదారును అడిగి, ఇంటికి వచ్చి, షంషాద్‌ను అడిగి అడ్డా మీదికి వచ్చాడు. నేను తట్ట మీద కూర్చుని ఉన్నాను. సుభానీ గారు ఎవరని పక్కవాణ్ణి అడుగుతుంటే, నేను లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను. పక్కవాడు అప్పటికే నన్ను చూపించేశాడు.

ఆయన వచ్చి నా పక్కన కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. అది సగం కాలాక అన్నాడు: "మిల్లు మూసినాక నేను ఆరు నెలలు మంచం దిగలా. మా దేవమ్మ రెండో రోజే మీ అక్క గడపకాడికి పోయింది. ఆమె అడిగినట్టు నేనూ అడిగుంటే ఇంత దూరం రాకపోదును. నాకూ నీకూ అడగటం చేతకాలా, అంతే."

మూడు వారాలుగా మా గదిలోనే ఉంటున్నాడు. ఇద్దరం కలిసి అడ్డా మీదికి వెళ్తున్నాం. దొరికిన రోజు దొరుకుతోంది. రాత్రుళ్ళు ఆయన దేవమ్మ సంగతులే చెబుతాడు. తన భార్యను గురించి అంత గర్వంగా మాట్లాడే మనిషిని నేను చూడలేదు.

నేనూ అడుగుతున్నాను అక్కా. నాకు ఆ పని నేర్పుతావా?

సుభానీ


నరసరావుపేట,
2-11-1985

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మీ బావ పక్కన కూర్చుని ఏడ్చాను. నీ మీద జాలితో కాదు. సెప్టెంబరులో నేను రాసిన మాటలు గుర్తొచ్చి. నాకేమీ తెలియకుండా నిన్ను ఎంత మాట అన్నాను. అవి మరిచిపో.

మీ బావ మాత్రం ఒకటే అన్నాడు, బయలుదేరి రమ్మను అని.

నీకు విల్లు నేర్పకపోవడం నాన్న చేసిన తప్పు కాదు. కొడుకు చదువుకుంటే దుమ్ములో ఉండడని అనుకున్నాడు. నువ్వు చదువుకున్నావు కూడా. తాళాల సంగతి ఆయనకేం తెలుసు?

అయితే నీకు నేర్పేది నేను కాదు. నేను చెబితే తమ్ముడివై అలుగుతావు, అక్కనై నేను వదిలేస్తాను. దేవమ్మ నేర్పుతుంది. ఆమెను అడిగాను. పేతురును కూడా వెంటబెట్టుకు రమ్మంది, ఇద్దరినీ ఒకచోటే కూర్చోబెడతానంది. ఒక్క విషయం ముందే చెబుతున్నాను, ముక్కుకు గుడ్డ లేకుండా కూర్చుంటే లేపి పంపిస్తుంది. చదువుకున్నవాడివని చూడదు.

గఫార్ బాబాయి ఇంకా నాతో మాట్లాడటం లేదు. కానీ మొన్న తనకు చేతకాని పని ఒకటి వస్తే, తెచ్చినవాళ్ళను తిన్నగా దేవమ్మ ఇంటికి పంపించాడు.

షంషాద్‌కు భయపడవద్దని చెప్పు.

అక్క


హైదరాబాదు,
18-5-1986

అక్కకు, బావకు,

నా సలాములు. మేం ఇక్కడికి తిరిగి వచ్చి మూడు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ పోస్టుకార్డులతో సరిపెట్టాను. ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను.

మీ ఇంట్లో ఉన్న ఆ రెండు నెలలూ నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. నారి నా వేళ్ళను కోసిన రోజున దేవమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టి, నొప్పి తగ్గేదాకా ఆగమంటుందేమో అనుకుంటే, ఎడమ చేత్తో దెబ్బ కొట్టడం నేర్చుకోమంది. విల్లు నువ్వు మోయొద్దు, దాన్నే ఊగనియ్యి అని పదిసార్లు చెప్పింది. పదకొండోసారి నా చేతికి అర్థమైంది. ఆ రోజు దూది నురుగులా లేచింది. నేను చిన్నపిల్లాడిలా అందరినీ పిలిచి చూపించాను.

ఇక్కడ నేనూ పేతురూ మొదటి పది రోజులు వీధులన్నీ తిరిగాం. ఒక్క పరుపు దొరకలేదు. పదకొండో రోజు ఒక టీచరమ్మ గారు రెండు దిండ్లు ఇచ్చారు. నెల తర్వాత వెళ్ళి గడ్డకట్టాయా అని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయి, వాళ్ళ స్కూల్లో అందరికీ మా పేరు చెప్పారు. అక్కడి నుంచి పని ఆగలేదు. లాకౌట్‌లో నాతో పాటు కూర్చున్నవాళ్ళు ముగ్గురు మాతో కలిశారు.

ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ తాళం తీశారు. సగం మందినే పిలిచారు, అందులో నేను ఉన్నాను. రెండు రోజులు ఆలోచించాను. షంషాద్ వెళ్ళమంది. నువ్వు షిఫ్టుకు పో, విల్లు నేను పట్టుకుంటానంది. మీ ఇంట్లో నేను నేర్చుకున్నదంతా ఆమె నన్ను చూసి నేర్చేసుకుంది. నేను ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. కానీ అక్కా, గేటులోకి వెళ్ళేటప్పుడు ఇదివరకటిలా భయం వేయడం లేదు. ఇది మళ్ళీ మూసుకున్నా నేను పడిపోను.

అసలు విషయం ఇది. పిలుపు రాని వాళ్ళ భార్యలు నలుగురు మా బస్తీలో నేర్పమని వచ్చారు. నేను నేర్పబోయాను. నాకు ఓపిక లేదు. ఒకామె నా మాటకు ఏడ్చి వెళ్ళిపోయింది. షంషాద్ సాయంత్రం వెళ్ళి ఆమెను తీసుకొచ్చింది గానీ, నాకు వచ్చిన పనిని నేను ఇంకొకరి చేతిలో పెట్టలేకపోతున్నానని అర్థమైంది. అది వేరే విద్య. దేవమ్మను ఒక పదిహేను రోజులు పంపించు. మా గురువు గారు వస్తున్నారని ఇక్కడ అందరికీ చెప్పేశాను. రానంటే నా పరువు పోతుంది.

నీ తమ్ముడు,
సుభానీ


నరసరావుపేట,
3-6-1986

తమ్ముడూ,

ఈ కార్డు నీకు అందేలోపే దేవమ్మ అక్కడికి చేరుతుంది. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

నీ ఉత్తరం ఆదివారం అందరిలో చదివాను. గురువు గారు అన్న మాట దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియదు. కృష్ణ దాటి ఎరగనని, పట్నంలో ఆడవాళ్ళు తన మాట వింటారా అని రెండు రోజులు నసిగింది. పిచ్చమ్మ చివరికి, "నన్ను గట్టు మీంచి లాక్కొచ్చినదానివి, నీకేంది భయం?" అంది. నకరికల్లు ఊళ్ళు ఈ పదిహేను రోజులూ తానే చూస్తానని కూడా ఒప్పుకుంది.

నిన్న పొద్దున ఎనిమిది మందిమి బస్టాండుకు వెళ్ళి సాగనంపాం. మీ బావ కూడా రిక్షా కట్టించుకుని వచ్చాడు. బస్సులోకి విల్లు పట్టదని టాపు మీద వేయమన్నారు. నారి తెగుతుందని ఆమె ఒప్పుకోలేదు. కండక్టరు చిరాకు పడి, అంత పొడుగు సామాను లోపల పెడితే లగేజీ టికెట్టు కొట్టాల్సి వస్తుందని బెదిరించాడు.

దేవమ్మ కొంగు ముడి విప్పింది.

"కొట్టు. ఈ విల్లు కూడా నాతో పాటు పనికే వస్తంది" అంది.